గిటారు పలకల అతుకుకి ఏ చిత్రిక కొనాలి? నంబర్ 5, నంబర్ 7, లో యాంగిల్ జాక్‌ల బేరీజు

బొబ్బిలి పక్క గొల్లపల్లిలో ఏకాండి వీణ చేసేవాళ్లకి ఈ బెడద లేదు. పనస మొద్దు ఒకటి తీసుకుని కుండా దండీ అందులోంచే తొలిచేస్తారు. గిటారు పైపలక అలా కుదరదు. 40 సెంటీమీటర్ల వెడల్పున, చారలు నిలువుగా ఉండేలా కోసిన స్ప్రూస్ కలప ఒకే ముక్కలో దొరకాలంటే ఆ చెట్టు మహావృక్షమై ఉండాలి. అందుకే దళసరి ముక్కను మధ్యకు చీల్చి, పుస్తకంలా తెరిచి, రెండు సగాలనీ నడిమధ్యన అతికిస్తారు. అతుకు పొడవు దాదాపు 55 సెంటీమీటర్లు. మందం మొదట 4 మిల్లీమీటర్లు ఉంటుంది, పని పూర్తయ్యేసరికి 3కి అటూ ఇటూ. జిగురు పట్టుకోవడానికి ఉన్న చోటంతా అదే.

ఆన్‌లైన్‌లో స్ప్రూస్ సెట్టు తెప్పించుకుని, విశాఖ పూర్ణా మార్కెట్ హార్డ్‌వేర్ దుకాణంలో నంబర్ 4 చిత్రిక చేత్తో పట్టుకుని ఇది సరిపోతుందా, పెద్దది కావాలా అని తేల్చుకోలేక నిలబడిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ నంబర్లు స్టాన్లీ కంపెనీ పెట్టిన సైజులు, 4 నుంచి 8 దాకా అంకె పెరిగినకొద్దీ చిత్రిక పొడుగవుతుంది. తొందరలో ఉన్నవాళ్లకి నా సలహా ఇక్కడే చెప్పేస్తాను. అకూస్టిక్ గిటారు వరకే అయితే నంబర్ 5 కొనండి, మిగిలిన డబ్బు పదును రాళ్ల మీదా, అడుగు చదును చేయించడం మీదా పెట్టండి. నంబర్ 7 తప్పనిసరి అని వీడియోల్లో చెప్పేవాళ్లంతా బల్లలూ బీరువాలూ చేసేవాళ్లు. వాళ్ల అతుకు రెండు మీటర్లు, మనది 55 సెంటీమీటర్లు.

ఈ సలహా అందరికీ ఒకేలా వర్తించదు. ఎవరికి వర్తించదో తెలియాలంటే ముందు పని సంగతి చూడాలి.

అతుకు బాగా కుదిరిందని ఎలా తెలుస్తుంది

రెండు పలకల అంచులనీ ఒకదానికొకటి ఆనించి, కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. వెనక నుంచి వెలుతురు ఎక్కడా కారకూడదు. వెంట్రుక మందంలో నాలుగో వంతు సందున్నా తెల్లటి గీతలా కనిపిస్తుంది. మధ్యలో గీత కనిపిస్తే అంచు గుంట పడినట్టు, రెండు చివర్లలో కనిపిస్తే నడిమి భాగం ఉబ్బినట్టు. చివర్లలో సందు ఉంటే ఆ అతుకు పనికిరాదు. ఇంత పల్చటి పలకను క్లాంపులతో బిగించి సందు మూయబోతే పలకే పైకి లేచి గూడు కడుతుంది. బల్లల పనిలో కావాలని నడుమ కాస్త గుంట ఉంచి అతికించే పద్ధతి ఒకటుంది. 4 మిల్లీమీటర్ల పలకకు అది వద్దు. చేతివేళ్ల ఒత్తిడికే సందు మూసుకోవాలి.

ఈ పని బల్లకు బిగించి పైనుంచి చిత్రిక పట్టే పని కాదు. అంత సన్నటి అంచు మీద చిత్రికను నిలబెట్టి తోస్తే ఊగుతుంది. షూటింగ్ బోర్డు కావాలి. 60, 70 సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద ఇంకో ముక్కను కాస్త వెనక్కి జరిపి అంటిస్తే అదే షూటింగ్ బోర్డు. రెండు పలకలనీ పుస్తకం మూసినట్టు మూసి పై మెట్టు మీద పెట్టి, అంచులు ఒక పిసరు బయటికి ఉంచి, పైన బరువైన పట్టీతో బిగిస్తారు. చిత్రికను పక్కకు పడుకోబెట్టి కింది మెట్టు మీద తోస్తారు. బ్లేడు నిలువుగా నిలబడి రెండు అంచులనీ ఒకేసారి కోస్తుంది. ఇందులో ఒక సుఖం ఉంది. చిత్రిక పక్కభాగం అడుగుకు సరిగ్గా 90 డిగ్రీల్లో లేకపోయినా, 89లో ఉన్నా, పలకలు తెరిచేసరికి ఒకటి 89, ఇంకోటి 91 అయి రెండూ కలిసి 180 అవుతాయి. కాబట్టి దుకాణంలో మూలమట్టం పెట్టి పక్కభాగం చూసి పెదవి విరవనక్కర్లేదు. చూడాల్సింది అడుగు.

పై మెట్టు ముక్క మందం కనీసం 10 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. ఈ రకం ఇనప చిత్రికలకు బ్లేడు అడుగు వెడల్పు మొత్తాన్నీ ఆక్రమించదు, అంచు వెంబడి కొన్ని మిల్లీమీటర్ల పట్టీ కోత లేకుండా వదిలేస్తుంది. పలకలు మరీ కిందుగా ఉంటే ఆ పట్టీ వాటికే తగిలి చిత్రిక కోయడం మానేస్తుంది, మీరేమో బ్లేడు మొద్దుబారిందనుకుని నూరుతూ కూర్చుంటారు.

పొడవు లెక్క

చిత్రిక పొడవు ఎందుకు ముఖ్యమంటారు? పొట్టి చిత్రిక గుంటల్లోకి దిగి ఎత్తుల మీదికి ఎక్కుతూ పోతుంది, పొడుగుది ఎత్తులను మాత్రమే కోస్తుంది. ఇది నిజమే. ఎంత నిజమో లెక్క కట్టొచ్చు.

అంచు మధ్యలో మాత్రమే కోస్తూ పోతే ఒక దశలో చిత్రిక తనంతట తానే కోయడం ఆపేస్తుంది. ముందు కొస, వెనక కొస ఎత్తు మీద ఆని, బ్లేడు గుంటకు అందకుండా పోతుంది. ఆ స్థితిలో అంచు ఒక విల్లు వంపు తిరిగి ఉంటుంది. చిత్రిక పొడవు మేరకు ఆ వంపు లోతు, బ్లేడు బయటికి పొడుచుకు వచ్చినంత. అంచు మొత్తం పొడవుకు లోతు ఎంతన్నది రెండు పొడవుల నిష్పత్తి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బ్లేడు 0.05 మిల్లీమీటర్లు బయటికి ఉంచి, 55 సెంటీమీటర్ల అంచు మీద లెక్కిస్తే సుమారుగా ఇలా వస్తుంది:

| చిత్రిక | పొడవు (మి.మీ.) | బ్లేడు వెడల్పు (మి.మీ.) | గరిష్ఠంగా పడే గుంట (మి.మీ.) |
|---|---|---|---|
| నంబర్ 4 | 245 | 50 | 0.25 |
| నంబర్ 5 | 355 | 50 | 0.12 |
| నంబర్ 5½ | 380 | 60 | 0.10 |
| నంబర్ 6 | 457 | 60 | 0.07 |
| నంబర్ 7 | 560 | 60 | 0.05 |
| లో యాంగిల్ జాక్ (నంబర్ 62) | 355 | 50 | 0.12 |

ఇప్పుడు నంబర్ 5 బ్లేడును వెనక్కి లాగి 0.02 మిల్లీమీటర్లకు పెట్టండి. గుంట కూడా 0.05కు దిగిపోతుంది. అంటే 0.05 పొర తీసే నంబర్ 7తో సమానం. పొడవు కొనలేకపోతే పొర పల్చన చేసుకుంటే చాలు. కానీ అంత పల్చటి పొర మొద్దు బ్లేడుతో రాదు, వంకర అడుగుతో అసలు రాదు. అందుకే పొడవు కన్నా పదునూ చదునూ ముందు చూడమంటాను.

పద్ధతి కూడా ఈ లెక్కలోనే ఉంది. ముందు చివర్లు వదిలేసి మధ్యలో కోస్తూ పోవాలి. చిత్రిక కోయడం ఆపేశాక ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటి రెండు పూర్తి పొరలు తీయాలి. తెగకుండా, ఒకే మందంతో, అంచు పొడవునా రిబ్బనులా పొర వచ్చిందంటే అక్కడ ఆపేయండి. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ పూర్తి పొరలు తీస్తూ పోతే చివర్లు అరిగి నడిమి భాగం మళ్లీ ఉబ్బుతుంది.

చదునంటే ఎక్కడెక్కడ

అడుగు మొత్తం అద్దంలా ఉండనక్కర్లేదు. ముందు కొస, నోటికి, అంటే బ్లేడు బయటికొచ్చే సందుకి, ముందున్న పట్టీ, వెనక కొస, ఈ మూడూ ఒకే తలంలో ఉంటే చాలు. మధ్యలో అక్కడక్కడ పల్లాలున్నా పని చెడదు. నోటి దగ్గరే పల్లం ఉంటే మాత్రం చిక్కు. అడుగు 0.1 మిల్లీమీటరు లోపలికి వంగి ఉంటే, బ్లేడు చెక్కను తాకడానికే 0.1 బయటికి రావాలి, ఇక 0.02 పొర మాట మరిచిపోవాలి.

మన దేశంలో తయారై తక్కువ ధరకు దొరికే అనంత్, గ్రోజ్ లాంటివీ, స్టాన్లీ పేరుతో వచ్చే మామూలు శ్రేణివీ పోతపోసిన ఇనుము విషయంలో మరీ తీసిపారేయదగ్గవి కావు. వాటికి లేనిది చివరి మెరుగు. అడుగు కాస్త వంకర, బ్లేడుకు ఆధారంగా ఉండే దిమ్మ, అంటే ఫ్రాగ్, కూర్చునే చోట పెయింటు ముద్దలు, బ్లేడు మీద బిగించే రేకు, అంటే క్యాప్ ఐరన్, బ్లేడుకు పూర్తిగా ఆనకపోవడం. ఇవన్నీ ఇంట్లో సరిచేసుకోగలిగినవే. మందపాటి అద్దం మీద 80, 120, 220 ఎమెరీ కాగితాలు వరుసగా పరిచి రుద్దాలి. వంటగట్టుకు వేసే గ్రానైట్ ముక్కల్లో చదునుగా ఉన్నదాన్ని స్టీలు స్కేలుతో ఏరుకున్నా పని జరుగుతుంది, టెక్కలి గ్రానైట్ మన దగ్గర కొదవా. అడుగు మీద మార్కరు పెన్నుతో అడ్డగీతలు గీసి రుద్దితే ఎక్కడ అరుగుతోందో, ఎక్కడ మిగిలిందో తెలిసిపోతుంది. బ్లేడును లోపలికి లాగి, బ్లేడును నొక్కిపట్టే లివర్ క్యాప్ మామూలుగా బిగించే ఉంచాలి. ఆ బిగింపుకే అడుగు కొద్దిగా వంగుతుంది కాబట్టి వంగిన స్థితిలోనే చదును చేయాలి.

నంబర్ 5కి ఈ పని ఒక సాయంత్రం. నంబర్ 7కి భుజాలు పడిపోతాయి. పొడవు పెరిగినకొద్దీ కాగితం మీద సమంగా రుద్దడం కష్టం, కొసలు ఎక్కువ అరిగి అడుగు గుండ్రం తిరుగుతుంది. చవక నంబర్ 7 వద్దనడానికి ఇదే పెద్ద కారణం. ఓపిక లేకపోతే ఆటోనగర్‌లో సర్ఫేస్ గ్రైండింగ్ చేసే మెషిన్ షాపుకు తీసుకెళ్లొచ్చు. ఒకటి మాత్రం మేస్త్రికి ముందే చెప్పాలి. అయస్కాంతం బల్ల వంకర అడుగును కిందికి లాక్కుని తాత్కాలికంగా నిటారు చేస్తుంది, గ్రైండింగ్ అయ్యాక వదలగానే అది మళ్లీ పాత వంకరకే పోతుంది. కింద సందులున్న చోట పల్చటి రేకు ముక్కలు దోపి, పల్చటి కోతలతో పని చేయమనండి.

ఒక్కొక్కటీ ఎలా పనిచేస్తుంది

నంబర్ 5, అంటే జాక్ ప్లేన్, బరువు రెండు కిలోల పైచిలుకు. పక్కకు పడుకోబెట్టి తోసేటప్పుడు ఆ బరువే మనకు సాయం. మధ్యలో ఆగకుండా ఊపు మీద సాగుతుంది. అతుకు పని అయ్యాక పలకల మందం తగ్గించడానికీ, మెడ చెక్క చదును చేయడానికీ అదే వాడొచ్చు. క్యాప్ ఐరన్‌ను బ్లేడు అంచుకు 0.2, 0.3 మిల్లీమీటర్ల దగ్గరగా పెడితే చారలు అడ్డం తిరిగిన జిట్రేగి కూడా చిరగకుండా కోస్తుంది. ఇబ్బంది పట్టులో ఉంది. వెనక పిడి నిలువు పనికి చేసింది, పడుకోబెట్టినప్పుడు చేతికి అడ్డొస్తుంది. పక్కగోడ మీద అరచెయ్యి పెట్టి, బొటనవేలు గోడ వెనక్కి వేసి తోయడం అలవాటు చేసుకోవాలి.

5½, 6 నంబర్లు లెక్క ప్రకారం గిటారుకు అతికినట్టు సరిపోతాయి. వెడల్పూ బరువూ ఎక్కువ, పొడవు అంచుకు దగ్గర. చిక్కల్లా దొరకడంలోనే. ఇక్కడి దుకాణాల్లో 4, 5 తప్ప మిగతావి అరుదు. ఎవరైనా పాత 5½ అమ్ముతుంటే బేరం ఆడకుండా తీసుకోండి.

నంబర్ 7 బరువు మూడున్నర కిలోల దాకా ఉంటుంది. అడుగు చదునుగా ఉన్న నంబర్ 7 చేతికి వస్తే అతుకు పని తేలిక, సందేహం లేదు. నేర్పు తక్కువున్నా చిత్రికే పని చేసిపెడుతుంది. కానీ 55 సెంటీమీటర్ల అంచు మీద 56 సెంటీమీటర్ల చిత్రికంటే మొదలుపెట్టేటప్పుడు దాని ఒళ్లంతా అంచు వెనక, ముగించేటప్పుడు అంచు ముందు వేలాడుతుంది. షూటింగ్ బోర్డు మీటరు పైన పొడవుండాలి, తోయడానికి గదిలో దానికి రెండింతల చోటుండాలి. ఎంవీపీ కాలనీ ఫ్లాటు బాల్కనీలో పని చేసుకునేవాళ్లు టేపు పెట్టి కొలుచుకుని మరీ కొనండి. నంబర్ 8 గురించి మాట్లాడుకోవడం దండగ.

లో యాంగిల్ జాక్ ఈ పని కోసమే పుట్టిందా అనిపిస్తుంది. మామూలు చిత్రికలో బ్లేడు 45 డిగ్రీల వాలు మీద కూర్చుంటుంది, ఏటవాలు నూరిన వైపు కిందికి. ఇందులో 12 డిగ్రీల వాలు మీద, నూరిన వైపు పైకి. అంటే 25 డిగ్రీలకు నూరిన బ్లేడు పెడితే కోత కోణం 37, అదే 38కి నూరిన ఇంకో బ్లేడు మారిస్తే 50. స్ప్రూస్‌కు మొదటిది, మొండి జిట్రేగికీ, అరకు సిల్వర్ ఓక్‌కూ రెండోది. ఒకే ఒంటికి రెండు స్వభావాలు. నోటి సందును ఒక మర తిప్పి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పక్కకు పడుకోబెట్టి తోయడానికి కూడా 5 కన్నా దీని ఒళ్లే చేతికి బాగా ఇముడుతుంది. లోపాలూ ఉన్నాయి. క్యాప్ ఐరన్ ఉండదు కాబట్టి చిరుగును ఆపడానికి కోణం పెంచడం ఒక్కటే మార్గం, కోణం పెరిగితే తోపుడు బరువెక్కుతుంది. రెండోది ధర. అమెరికా లీ నీల్సన్, కెనడా వెరిటాస్ చేసేవి అడుగు చదునుతోనే వస్తాయి, పెట్టె తెరిచి బ్లేడు నూరి పనిలోకి దిగొచ్చు. కానీ సుంకాలు కలిపితే మన దేశవాళీ నంబర్ 5లు ఒక బుట్టెడు కొనుక్కోవచ్చు.

నంబర్ 4 ఇప్పటికే ఇంట్లో ఉంటే ప్రయత్నించండి, కొత్తగా కొనకండి. 0.02 పొరతో కూడా 0.1 గుంట దాకా పడనిస్తుంది. వెలుతురు పరీక్షకూ చిత్రికకూ మధ్య పదిసార్లు తిరగాలి. బ్లాక్ ప్లేన్ అయితే 15, 16 సెంటీమీటర్లే, అతుకుకు అది ఆట వస్తువు. పలక లోపల అంటించే బద్దలు చెక్కడానికి మాత్రం దాన్ని మించింది లేదు, ఎలాగూ కొంటారు.

మన వడ్రంగుల కర్ర చిత్రిక సంగతి అడుగుతారు చాలామంది. పొడుగు కర్ర చిత్రిక తేలిగ్గా జారుతుంది, బ్లేడు ఉక్కు చాలాసార్లు కొత్త చవక బ్లేళ్ల కన్నా మేలు. కానీ విశాఖ తేమలో కర్ర ఒళ్లు వానాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉంటుంది. ఇంటి తలుపుకు ఆ తేడా లెక్కలోకి రాదు, వెలుతురు పరీక్షకు వస్తుంది. మేకుసుత్తితో బ్లేడును కొట్టి 0.02 మిల్లీమీటర్లకు పెట్టగల చేతివాటం ఉన్న మేస్త్రికి ఈ వ్యాసంతో పనే లేదు. ‘కన్నా’ అనే జపాను చిత్రికదీ ఇదే కథ, అదీ కర్రే. పైగా అది తన వైపుకు లాగే చిత్రిక, తోసే చెయ్యి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఇక చిత్రికే లేని దారి. 60 సెంటీమీటర్ల అల్యూమినియం స్పిరిట్ లెవల్‌కో, మందపాటి చదరపు గొట్టానికో రెండు వైపులా అంటుకునే టేపుతో 120 ఉప్పుకాగితం అంటించి, షూటింగ్ బోర్డు మీద చిత్రిక బదులు దాన్ని రుద్దడం. చేయి తిరిగినవాళ్లలోనూ ఇలా చేసేవాళ్లున్నారు. చారల దిక్కు పట్టించుకోనక్కర్లేదు, చిరుగు భయం లేదు. అంచు మూలలు కాస్త గుండ్రం తిరగడం, దుమ్ము రంధ్రాల్లో దూరడం దీని నష్టాలు. ఆఖర్లో 180 కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, బ్రష్షుతో దులిపి అతికిస్తే ఆ నష్టాలు చాలావరకు తీరతాయి.

ఎలక్ట్రిక్ గిటారు చేసేవాళ్లకి లెక్క మారుతుంది

ఎలక్ట్రిక్ బాడీ మందం దాదాపు 45 మిల్లీమీటర్లు. రెండు ముక్కల్నీ కలిపి బిగిస్తే 90. ఏ చిత్రిక బ్లేడూ అంత వెడల్పుండదు, నంబర్ 8దైనా 67 మిల్లీమీటర్లే. కాబట్టి రెండు అంచులనీ ఒకేసారి కోసి కోణం తప్పును రద్దు చేసుకునే సుఖం ఇక్కడ లేదు. ఒక్కో ముక్కను వైస్‌లో నిలబెట్టి, పైనుంచి చిత్రిక పట్టి, మూలమట్టంతో చూసుకుంటూ పోవాలి. ఇక్కడ 60 మిల్లీమీటర్ల బ్లేడున్న చిత్రికకు విలువ పెరుగుతుంది. అంచు మొత్తాన్నీ ఒకే పొరలో కోస్తుంది కాబట్టి పక్కలకు వాలే అవకాశం తక్కువ.

పరీక్ష కూడా వేరు. ఒక ముక్కను వైస్‌లోనే ఉంచి, రెండోదాన్ని దాని అంచు మీద నిలబెట్టి, ఒక కొసను మెల్లగా పక్కకు తిప్పండి. నడుమ ఇరుసు మీద తిరిగినట్టు గిరుక్కున తిరిగితే ఉబ్బు ఉన్నట్టు. రెండో కొస దగ్గర రాసుకుంటూ బరువుగా కదిలితే అతుకు బాగున్నట్టు.

బాస్ గిటారు, అందులోనూ మెడ బాడీ గుండా సాగే రకం చేస్తే, మీటరు పైన పొడవున్న పట్టీలు అతికించాలి. నంబర్ 7 అక్కడ విలాసం కాదు, అవసరం.

సముద్రపు గాలి

విశాఖలో ఇనప చిత్రిక కొనడమంటే తుప్పుతో కాపురం. బీచి రోడ్డు వైపు ఇళ్లలో ఒక్క రాత్రి బయట వదిలేస్తే తెల్లారేసరికి అడుగు మీద నారింజ రంగు చుక్కలు. కుట్టుమిషన్ నూనె గుడ్డతో పల్చగా తుడిచి పెట్టండి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డ కడుతుంది. గోనెసంచిలోనో, మెత్తటి స్పాంజి వేసిన పెట్టెలోనో పెడితే అవే తేమ పీల్చి ఇనుముకు అందిస్తాయి. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టడం మేలు. అతుకు పనికి ముందు నూనె పూర్తిగా తుడిచేయాలి, అంచుకు నూనె అంటితే జిగురు పట్టదు. బోర్డు మీద జారడానికి చిత్రిక పక్కభాగానికి కొవ్వొత్తి రుద్దుకోండి, అడుగుకు వద్దు.

చిత్రిక ఎంపికతో సంబంధం లేకపోయినా తేమ గురించి ఇంకోటి చెప్పాలి. పొద్దున కోసిన అంచును సాయంత్రానికైనా అతికించేయండి. రాత్రంతా వదిలేస్తే పల్చటి పలక చివర్లు తేమ తాగి కదులుతాయి, మర్నాడు వెలుతురు పరీక్షలో నిన్నటి అతుకు కనపడదు. నూనె గుణమున్న జిట్రేగి, టేకు అయితే ఆ గంటలోనే అసిటోన్‌తో తుడిచి అతికించాలి. వీలైతే కోతా అతుకూ రెండూ ఏసీ గదిలో, తేమ 45, 50 శాతం దగ్గర ఉన్నప్పుడు పెట్టుకోండి. ఆగస్టు ఉక్కలో బయట అతికించిన గిటారు హైదరాబాదు ఎండాకాలం చూస్తే పలక కుంచించుకుని పగులుతుంది, ఆ తప్పు పాపం చిత్రిక మీద పడుతుంది.

ఎవరికి ఏది

ఒక్క గిటారు చేసి చూద్దాం, ఆ తర్వాత సంగతి తర్వాత అనుకునేవాళ్లు చిత్రిక కొననే వద్దు. స్పిరిట్ లెవల్, ఉప్పుకాగితం చాలు. ఆ డబ్బుతో ఇంకో స్ప్రూస్ సెట్టు కొనుక్కుంటే మొదటిది పాడైనా బెంగుండదు.

ఏడాదికి రెండు మూడు అకూస్టిక్‌లు చేయాలన్న ఉద్దేశం ఉండి, పనిముట్లతో కుస్తీ పట్టడం ఇష్టమైతే దేశవాళీ నంబర్ 5. కుస్తీ పట్టే తీరిక లేక, జీతం బాగా వస్తుంటే లో యాంగిల్ జాక్, 25, 38 డిగ్రీల రెండు బ్లేళ్లతో. మధ్యేమార్గంగా దేశవాళీ 5 ఒంటికి మందపాటి మంచి బ్లేడు విడిగా తెప్పించుకునే పద్ధతి ఒకటుంది. మామూలు బ్లేడు మందం 2 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్లది అదురు తక్కువగా కోస్తుంది. నా ఓటు మాత్రం ముందు ఉన్న బ్లేడుకే సరైన పదును పెట్టడానికి. పదును కుదిరాక కూడా తృప్తి లేకపోతే అప్పుడు మార్చుకోండి.

ఎలక్ట్రిక్, బాస్ చేసేవాళ్లు, గిటార్లతో పాటు ఇంట్లో బల్లలు కూడా చేసేవాళ్లు నంబర్ 7 వైపు చూడొచ్చు. కొత్త చవకది కాదు, పాత ఇంగ్లండుది. షిప్‌యార్డులోనో, పోత అచ్చులకు కర్ర నమూనాలు చేసే ఫ్యాక్టరీ ప్యాటర్న్ షాపుల్లోనో పనిచేసి రిటైరైన మేస్త్రీలు తెలిస్తే వాళ్లింట్లో అటక మీద ఏమైనా ఉందేమో అడిగి చూడండి. షెఫీల్డు రికార్డ్ కంపెనీవైతే అంకె ముందు సున్నాతో 05, 07 అని ఉంటుంది. మిగతా కొలతలన్నీ స్టాన్లీ లెక్కే. పైపై తుప్పుకు భయపడకండి, అది కిరసనాయిలుకూ ఎమెరీకీ పోతుంది. నోటి మూలల్లో సన్నటి పగులుందేమో మాత్రం గోరుతో తడిమి చూడండి. పగులుంటే ఎంత చవకైనా వద్దు.

దుకాణంలో చూడాల్సినవి

30 సెంటీమీటర్ల మంచి స్టీలు స్కేలూ ఫోన్ టార్చీ తీసుకెళ్లండి. బ్లేడును పూర్తిగా లోపలికి తిప్పించి, చిత్రికను తిరగేసి, స్కేలును అంచు మీద నిలబెట్టి నిలువునా, ఒక మూల నుంచి ఇంకో మూలకూ పెట్టి వెనక నుంచి వెలుతురు వేయండి. కొసల దగ్గర వెలుతురు కారి నోటి దగ్గర ఆనితే అడుగు ఉబ్బు, నోటి దగ్గర కారితే పల్లం. పల్లం కొంచెమైతే రుద్ది తీసేయొచ్చు. మూలల మధ్య మెలి ఉంటే వేరే పీసు చూపించమనండి, మెలిని ఇంట్లో తీయడం నరకం. తర్వాత లివర్ క్యాప్ తీసి, ఫ్రాగ్‌ను రెండు వేళ్లతో పట్టి ఊపండి. మరలు బిగించి ఉండీ కదిలిందంటే అదీ వద్దు. లోతు తిప్పే ఇత్తడి చక్రం వదులుగా అర చుట్టు తిరిగినా ఫరవాలేదు, దాదాపు అన్నిటికీ ఉంటుంది. బ్లేడు పదును అక్కడ చూడక్కర్లేదు, ఈ ధరలో కొత్త బ్లేడేదీ పనికొచ్చే పదునుతో రాదు.